సమస్య: "శోకమనెడి పేరె శుభముఁ గూర్చు"

నిర్వాహకుడు: మా తమ్ముడి కోడలికి నెలలు నిండాయి. ఇంట్లో పొద్దస్తమానం పేర్ల చర్చే: హర్షిత, ముదిత, ప్రమోద్, ప్రహ్లాద్... అన్నిటికీ అర్థం సంతోషమే. అందుకే సమస్యను తలకిందులుగా ఇచ్చాను. ఆటవెలది నాలుగో పాదమిది. పై మూడూ మీవి.

తణుకు సోదరి:
బారసాలనాడు బంగరుంగరమున
బియ్యమందు వ్రాయు పేరదేది?
తల్లి యడుగఁ దాత తలఁచెను బిడ్డక
శోకమనెడి పేరె శుభముఁ గూర్చు.

నిర్వాహకుడు: 'బిడ్డకు అశోకము' అని విరిచిన తీరు చక్కగా ఉందమ్మా. పళ్ళెంలో బియ్యం, దాని మీద కదిలే ఉంగరం కళ్ళకు కట్టాయి. కాని 'బంగరుంగరము' చెల్లదు. కర్మధారయంలో ఉత్తుకు (హ్రస్వ ఉకారానికి) అచ్చు పరమైతే టుగాగమం, అంటే నడుమ 'ట్', రావాలి, 'బంగరుటుంగరము' అవుతుంది. అలా దిద్దితే గణం చెడుతుంది. 'పసిఁడి యుంగరమున' అనండి. బకారానికి పకారంతో యతి కుదురుతుంది.

తణుకు సోదరి: దిద్దుకున్నాను గురువుగారూ.

హైదరాబాదు మిత్రుడు:
సీతఁ గానలేక చింతించు రాఘవుఁ
డడిగె నొక్క మ్రాను నడవిలోన
"నెలఁతఁ జూపి, మ్రాన, నీ పేరు నాకిమ్మ
శోకమనెడి పేరె శుభముఁ గూర్చు."

నిర్వాహకుడు: భేష్! అరణ్యకాండలో రాముడు అశోకవృక్షాన్ని వేడుకునేది ఇదే: ప్రియురాలిని చూపించి నన్నూ నీ పేరుగలవాణ్ణి చెయ్యమని. 'ఇమ్ము అశోకము' సంధి ఎక్కడా బలవంతంగా లేదు.

తణుకు సోదరి: అశోక చక్రవర్తి కథ చెప్పే బౌద్ధగ్రంథం అశోకావదానంలో బిడ్డ పుట్టగానే తల్లి తన శోకం తీరిందంటుంది, అందుకే అశోకుడు. తమ్ముడు వీతశోకుడు. దీని మీదా ఎవరైనా రాయండి.

శ్రీకాకుళం పెద్దాయన:
పుట్టి పుట్టి పోవఁ బురిటిలో బిడ్డలు
పెంట మీఁద దొర్లి పెరిగె నాన్న
పేరు పెంటయయ్యెఁ, బెదరి మిత్తియె పాఱె
శోకమనెడి పేరె శుభముఁ గూర్చు.

హైదరాబాదు మిత్రుడు: పాదాన్ని విరవకుండా నిలబెట్టారు, అది గొప్ప. కాని బాబాయిగారూ, పద్యంలో పేరు పెంట కదా, శోకం ఎక్కడ?

శ్రీకాకుళం పెద్దాయన: ముగ్గురు పోయాక పుట్టారు నాన్న. మా మామ్మ పొత్తిగుడ్డలతోనే పెంటకుప్ప మీద దొర్లించి, పరాయిబిడ్డను తెచ్చుకున్నట్టు మళ్ళీ ఎత్తుకుందట. పెంటయ్యా అని కేకేసినప్పుడల్లా ఆ ముగ్గురూ గుర్తొచ్చి గొంతు పూడుకుపోయేదట. నాన్న 82 ఏళ్ళు బతికారు.

నిర్వాహకుడు: అన్వయం కుదిరింది. ఆ పేరుకి వాచ్యార్థం పెంట, ఆ తల్లికి వినిపించేది శోకం. ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అని పిలుచుకున్న తల్లులూ ఇలాంటివారే. హర్షిత అని పెట్టే తల్లి కోరిక, పెంటయ్య అని పెట్టిన తల్లి కోరిక ఒకటే. నాకు ఈ పూరణే అన్నిటికంటే పైన.

శ్రీకాకుళం పెద్దాయన: గురువారం మా మునిమనవడి బారసాల. బియ్యంలో రెండు పేర్లు రాయిస్తున్నాం. మొదటిది విశోక్. రెండోది నాన్నది.