యూకేలో గర్భం రాకుండా ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చా? డబ్బులెంత?

కొత్తగా వచ్చా: అక్కలూ, డిపెండెంట్ వీసా మీద బర్మింగ్‌హామ్ వచ్చాం. బాబుకి ఆరు నెలలు, పాలిస్తున్నా. హెల్త్ విజిటర్ (చంటిపిల్లల్ని చూడ్డానికి వచ్చే నర్సు) చేతికి పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ గురించి చెప్పింది. అత్తయ్యగారు ఆ హార్మోన్లు వద్దు, మళ్ళీ పిల్లలు పుట్టరు అంటున్నారు. ఖర్చెంత?

రీడింగ్ అక్క: ఖర్చేం లేదమ్మా, ఏ వీసా అయినా ఫ్రీనే. ముందు జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రిజిస్టర్ అవ్వు, అడ్రస్ ప్రూఫ్ లేదని పంపించేస్తే ఊరుకోకు. మమ్మల్ని ఓ జీపీ క్లినిక్‌లో కౌన్సిల్ టాక్స్ బిల్లు తెమ్మన్నారు, బిల్లేమో ఓనర్ పేరు మీద, ఆయన రెంటు క్యాష్‌లో తీసుకునే రకం, కాగితం మీద సంతకం పెట్టనంటాడు, చంటిదాన్నేసుకుని వానలో ఆ ఇంటికీ ఈ కౌంటర్‌కీ తిరిగా, చివరికి ప్రూఫ్ లేకపోయినా చేర్చుకోవాలన్న ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) రూల్ ఫోన్‌లో చూపిస్తే అప్పుడిచ్చింది రిసెప్షనిస్టు ఫారం, అదీ మొహం ముడుచుకుని.

లూటన్ పద్మ: పిల్ల అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి 😀 చెల్లీ, అది అగ్గిపుల్లంత ఉంటుంది, 4 సెంటీమీటర్లు, మోచేతి పైన లోపలివైపు మత్తిచ్చి చర్మం కింద పెడతారు, 3 ఏళ్ళు పనిచేస్తుంది. పాలిచ్చేవాళ్ళకి పర్లేదు. టీబీకో ఫిట్స్‌కో మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పు, కొన్నిటితో ఇది సరిగ్గా పనిచేయదు. గొడవంతా బ్లీడింగ్‌తోనే. నాకు చుక్కలు చుక్కలుగా అవుతూనే ఉండేది, దేవుడి గదిలోకి వెళ్ళాలో వద్దో తెలీదు, వరలక్ష్మీవ్రతం నాడు అత్తగారికి ఏం చెప్పాలో తెలీక చచ్చా. మా తోడికోడలికేమో అసలు నెలసరే ఆగిపోయింది, ఆవిడ హ్యాపీ. నేను తీయమంటే ఇంకొన్నాళ్ళు చూడండి అన్నారు, గట్టిగా అడిగితేనే తీశారు.

హారో అంకుల్: గర్భం రాకుండ ఇచ్చే ఇంజెక్షన్ జోలికి పోకు బిడ్డా. మా పటాన్‌చెరులో 1985ల ఏం చెప్పకుండనే ఆడోళ్ళను నెట్-ఎన్ ఇంజెక్షన్ క్యాంపుకు పిలిచిన్రు, స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయిన్రు.

నర్సు సుధ: అంకుల్, ఆ గొడవ చెప్పకుండా పొడిచినందుకు. ఇక్కడిచ్చే డిపో ఇంజెక్షన్ వేరే మందు, మన దగ్గర 2017 నుంచి అంతర పేరుతో ఫ్రీగా ఇస్తున్నది అదే. మీ అత్తయ్యగారి మాటలో కాస్త నిజం ఉందంటే డిపో విషయంలోనేనమ్మా, ఆపాక నెల తప్పడానికి ఏడాది దాకా పట్టొచ్చు, ఎముకలు కూడా కొంచెం పల్చబడతాయి. ఇంప్లాంట్, గర్భసంచిలో పెట్టే మిరేనా అలా కాదు, తీసిన వెంటనే కడుపు రావచ్చు.

హారో అంకుల్: మిరేనా 5 ఏళ్ళే కదా, మా ఆవిడ కార్డు మీద గట్లనే ఉంది.

నర్సు సుధ: పాత కార్డు అది. గర్భం రాకుండా ఉండటానికైతే 2024 నుంచి 8 ఏళ్ళు.

కొత్తగా వచ్చా: థాంక్స్ అక్కా. రిసెప్షన్‌లో ఏమని అడగాలి? మా ఆయన పక్కనుంటారు, నలుగురిలో చెప్పాలంటే సిగ్గు.

లూటన్ పద్మ: కాంట్రాసెప్షన్ అపాయింట్‌మెంట్ అను చాలు, లేడీ నర్స్ కావాలని కూడా అడుగు. లేదా సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కే బుక్ చేసుకో, జీపీతో పన్లేదు. బోర్డు మీద పేరు చూసి గుమ్మం దగ్గరే వెనక్కి తిరక్కు, పెళ్ళైనవాళ్ళు కూడా అక్కడికి వెళ్తారు.