“దిగలేక” అనాలా, “దిగకుండా” అనాలా?

బరంపురం నుంచి ప్రశ్న:

గ్రూపులో అందరికీ నమస్కారం. ముసురు పట్టిందంటే చాలు, పేపర్లో ఒకే తరహా వార్త వస్తుంది. వాతావరణం బాగోలేదు, విమానంలో ఏదో పరికరం చెడిపోయింది, “దిగలేక వెనుదిరిగిన విమానం, తృటిలో తప్పిన ప్రమాదం” అని. గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళకి విశాఖ విమానాశ్రయంతో చాలా పని. పిల్లలు ఆ దారినే వస్తూ పోతూ ఉంటారు కాబట్టి ఇలాంటి వార్త చదివితే ఇంటిల్లిపాదికీ టెన్షన్. నా సందేహం మాత్రం భాషకు సంబంధించినదే. పైలట్ తనే వద్దనుకుని దిగకపోతే “దిగలేక” అనవచ్చా?

పర్లాకిమిడి నుంచి జవాబు:

అనకూడదనే నా అభిప్రాయం. వ్యాకరణంలో తప్పు లేదు, అర్థంలోనే తేడా వస్తోంది. “అన్నం తినలేక లేచాడు” అంటే ఒంట్లో బాగోలేదేమో అనుకుంటాం. “అన్నం తినకుండా లేచాడు” అంటే ఆయన మనసులో ఏదో ఉందని తెలుస్తుంది. “లేక” చేరిస్తే శక్తి చాలలేదని చెప్పినట్టు. “కుండా” చేరిస్తే ఆ పని జరగలేదని మాత్రమే చెప్పినట్టు, కారణం తర్వాత చెప్పుకోవచ్చు.

ఇప్పుడు కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో చూడండి. విమానం ఇంకా చాలా పైన ఉండగానే, దిగాలా వద్దా అన్న నిర్ణయం ఏ ఎత్తులో తీసుకోవాలో పైలట్లిద్దరూ మాట్లాడుకుంటారు. రన్‌వే కనబడకపోయినా రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్ఎస్ అనే ఏర్పాటు ఉంది, దాని మొదటి కేటగిరీలో ఆ ఎత్తు 200 అడుగులకు తగ్గకూడదు, రన్‌వే మీద కనుచూపు 550 మీటర్లైనా ఉండాలి. రెండో కేటగిరీలో 100 అడుగుల దాకా రావచ్చు, 300 మీటర్లు కనబడితే చాలు. అయితే అందుకు విమానంలోని పరికరాలు, నేల మీది లైట్లు, పైలట్ల శిక్షణ, అన్నీ ఆ స్థాయిలో ఉండాలి. వాటిలో అవసరమైనది ఒక్కటి పనిచేయకపోయినా కేటగిరీ తగ్గుతుంది. ఎంత ఏటవాలుగా దిగాలో చెప్పే గ్లైడ్‌స్లోప్ ఆగిపోతే, దిశ చూపే లోకలైజర్ ఒక్కదానితోనే రావాలి, అప్పుడు నిర్ణయం ఇంకా ఎత్తులోనే జరిగిపోవాలి. సుమారు 1000 అడుగుల పైన ఏదైనా పనిచేయడం మానేస్తే చెక్‌లిస్ట్ చదివి, కొత్త కనీస ఎత్తు పెట్టుకుని ముందుకు రావచ్చు. అంతకంటే కిందికి వచ్చాక, మబ్బులో ఉండగా అలా జరిగితే చాలా సంస్థల్లో నియమం ఒక్కటే, పైకి లేపెయ్యడం.

నిర్ణయపు ఎత్తుకి వచ్చేసరికి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనబడకపోయినా అంతే. “గో అరౌండ్” అని, ఇంజన్ల శక్తి పెంచి, ముక్కు పైకెత్తి, విమానం ఎక్కడం మొదలయ్యాక చక్రాలు ముడుస్తారు. ఇది సిమ్యులేటర్‌లో మళ్ళీ మళ్ళీ సాధన చేసి వచ్చినవాళ్ళు చేసే పని. దానికి చేతకానితనం ధ్వనించే “లేక” తగిలించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

“చెడిపోయింది” అన్న మాట కూడా చూసి వాడాలి. ఏ పరికరం పనిచేయకపోయినా బయల్దేరవచ్చో, ఏ షరతులతోనో, ఎంఈఎల్ అనే జాబితాలో ముందే ఉంటుంది. ఆ పరికరం దగ్గర “ఇనాప్”, అంటే పనిచేయదు, అని చీటీ అంటిస్తారు. బాగుచేయడానికి గడువు కూడా ఉంటుంది, బి వర్గానికి 3 రోజులు, సి వర్గానికి 10 రోజులు. కొన్నిటిని కావాలనే ఆపేసి ఉంచుతారు. అందుకని “పనిచేయని పరికరం” అంటే సరిపోతుంది. అన్నట్టు, అది “తృటి” కాదు, “త్రుటి”.

గుణుపురం నుంచి:

మాస్టారూ, మీరు “లేక”ని మరీ కట్టేశారండి. “మీ అమ్మాయి పెళ్ళికి రాలేకపోయాను” అంటాం. రావడానికి శక్తి లేకనా? రాకూడదనుకున్నా మర్యాదకి అలాగే అంటాం కదా. పైగా రన్‌వే కనబడనప్పుడు దిగలేకపోయారనడంలో తప్పేముంది?

పర్లాకిమిడి నుంచి:

మంచి మాట అన్నారమ్మా. కెప్టెన్ మైకులో “దిగలేకపోయాం, క్షమించండి” అంటే అది మర్యాదే. తన గురించి తాను అనుకునే “లేక” అది. అదే మాట పక్కవాడు అంటే మర్యాద పోయి నింద మిగులుతుంది. “ఆయన పెళ్ళికి రాలేకపోయాడు” అనేదాన్ని కాస్త విరుపుగా అని చూడండి.

ఇక్కడ నాకు కేరళలోని కోళికోడ్ ప్రమాదం గుర్తొస్తుంది. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి వచ్చిన విమానంలో 190 మంది ఉన్నారు. జోరు వాన. కెప్టెన్ వైపు వైపర్ పనిచేయడం ఆగిపోయింది. మొదటిసారి దిగకుండా పైకి లేపేశారు. రెండోసారి, వెనక గాలి తోస్తుండగా అవతలి వైపు నుంచి వచ్చి, 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగులు దాటాక నేల తాకారు. కోపైలట్ “గో అరౌండ్” అన్నా కెప్టెన్ లేపలేదు. రన్‌వే దాటి లోయలో పడి 21 మంది పోయారు, పైలట్లిద్దరూ వాళ్ళలోనే ఉన్నారు. మన పేపర్ల భాషలో మొదటిది “దిగలేకపోవడం”, రెండోది “దిగడం”. ఆ మొదటి నిర్ణయాన్ని చిన్నబుచ్చే మాట మన తెలుగులో వద్దని నా పట్టుదల.

రాయగడ నుంచి:

గో అరౌండ్‌కి “పునరారోహణం” అంటే ఎలా ఉంటుంది?

పర్లాకిమిడి నుంచి:

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని దానికి నేను ఒప్పుకోలేను బాబూ. మా వీధిలో “దిగకుండానే లేపీసినాడు” అంటారు. రాతలో “దిగకుండా మళ్ళీ లేచింది” అంటే చదివే ప్రతివాళ్ళకీ తెలుస్తుంది. “గో అరౌండ్” అని రాసినా నాకు అభ్యంతరం లేదు.

బరంపురం నుంచి:

మరి “వెనుదిరిగింది” మాటేమిటి? వేరే ఊరికి పోయినా అదే రాస్తున్నారు.

పర్లాకిమిడి నుంచి:

బయల్దేరిన ఊరికే తిరిగొస్తే వెనుదిరిగినట్టు. వేరే ఊరికి పోతే “మళ్ళింది”. ఆ రెండో ఊరిని బయల్దేరకముందే ఎంచుకుని, అక్కడికి చేరడానికీ, ఆపైన మరో 30 నిమిషాలు గాల్లో ఉండడానికీ సరిపడా ఇంధనం పోసుకుంటారు. “విశాఖలో దిగకుండా హైదరాబాద్‌కు మళ్ళిన విమానం” అని రాస్తే సరి. కోరాపుట్, జయపురం వైపువాళ్ళు ఇంకా సూటైన మాట ఏదైనా వాడుతుంటే ఇక్కడే రాయండి.