పొందూరులో అమ్మమ్మ మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను, ఉద్యోగం మానేయొచ్చా?

పొందూరు మనవడు:
అందరికీ నమస్తే. మాది పొందూరు, ఉద్యోగం విశాఖలో. ఏడాదిన్నరగా శని, ఆదివారాలు ఊరెళ్లి మా అమ్మమ్మ నూలు వడకడం తీస్తున్నాను. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం దగ్గర్నుంచి రాట్నం దాకా అన్నీ తీశాను. 60 గంటల ఫుటేజీ ఉంది. అయినా సినిమా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగుదామనుంది. ఇంట్లో "తిండి ఎలా?" అంటున్నారు. మనవైపు డాక్యుమెంటరీలు తీస్తూ బతుకుతున్నవాళ్లు ఉంటే, ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

బొబ్బిలి కెమెరా:
తమ్ముడూ, ఉద్యోగం ఇప్పుడే మానకు. నేను 12 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నాకు తిండి పెట్టేది పెళ్లిళ్లే. ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ రాజాం, పార్వతీపురం, విజయనగరం తిరుగుతాను. ఆషాఢమో మూఢమో వస్తే నా సినిమా పని. అలా ఏడాదికి నాలుగు నెలలు దొరికితే గొప్ప. అందుకే 35 నిమిషాల సినిమాకి మూడేళ్లు పట్టింది.

అది గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన గురించి. మొదటి నెలంతా చేతులు, ఉలి, పనస కర్ర పొట్టు తీశాను. చాలా అందంగా వచ్చిందని సంబరపడ్డాను. ఎడిటింగ్‌కి కూర్చుంటే పది నిమిషాలకే విసుగొచ్చింది. పని కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కెమెరా ఆపబోయి ఎందుకో ఆపలేదు. ఫ్యాన్ చప్పుడు లేదు. ఆయన వీణ కుండని వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాడు. మళ్లీ తట్టాడు. "ఇంకా తడుంది బావూ" అని, అన్నాళ్లు చేసినదాన్ని గోడవార పెట్టి, ఇంకో దుంగ ముందుకు లాక్కున్నాడు. నా సినిమా అక్కడ మొదలవుతుంది. నీ 60 గంటల్లో అమ్మమ్మ చెయ్యి ఆగిన చోట్లు వెతుకు.

కెమెరా మార్చేముందు మంచి కాలర్ మైక్ కొనుక్కో. ఫుటేజీ రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టు. నేను ఒక్కదాంట్లోనే పెట్టి, అది కింద పడి, పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు తీసిందంతా పోగొట్టుకున్నాను. దసరా వెళ్లాక వచ్చే ఆ మంగళవారం కోసం మళ్లీ ఏడాది ఆగాను.

డబ్బు సంగతి. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్లు గ్రాంట్లు ఇస్తారు, తెలుగులోనే రాసి పంపొచ్చు. ముంబైలో రెండేళ్లకోసారి, తిరువనంతపురంలో ఏటా డాక్యుమెంటరీల ఫెస్టివల్ జరుగుతుంది. ఎంపికైతే చేతికి పెద్దగా డబ్బు రాదు గానీ, నీ తర్వాతి సినిమాకి సాయం చేసేవాళ్లు అక్కడే పరిచయమవుతారు. థియేటర్లో వేయాలంటే మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు.

కవిటి నుంచి:
నాకు సినిమాల గురించి తెలీదు. మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు మీద తీస్తామని మా ఊరికి చాలామంది వచ్చారు. ఒకాయన మా నాన్నని డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం గంటన్నర మాట్లాడించాడు. నాన్న ఓపిక తెచ్చుకుని, కొబ్బరి తోట వేసినప్పటి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పారు. సినిమా అయ్యాక చూపిస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. నాన్న పోయి రెండేళ్లయింది. ఆయన గొంతు ఆ కెమెరాలో ఉంది, మా ఇంట్లో లేదు. ఫెస్టివల్‌కి తర్వాత పంపుదువుగాని, ముందు మీ అమ్మమ్మకి చూపించు తమ్ముడూ.

పొందూరు మనవడు:
బొబ్బిలి అన్నా, రాత్రి రెండింటి దాకా వెతికాను. ఒకచోట దారం తెగింది. అమ్మమ్మ కొస తడిచేసి అతికిస్తూ తలెత్తి, "ఏటి బావూ, తిన్నావా?" అంది. "తిన్నాను" అన్న నా గొంతు పడిందని ఆ ముక్క పక్కన పడేశాను. ఇప్పుడు దాన్ని మొదట్లో పెట్టి చూస్తున్నాను. ఉద్యోగం మానను. కవిటి అన్నా, ఈ శనివారం ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అమ్మమ్మ పక్కన కూర్చుంటాను.

బొబ్బిలి కెమెరా:
కవిటి తమ్ముడూ, ఆయన ఏ సంవత్సరం వచ్చాడో, ఏ ఊరివాడినని చెప్పాడో నాకు మెసేజ్ పెట్టు. మాలో చాలామందికి ఒకరికొకరు తెలుసు. నాన్నగారి ఫుటేజీ కోసం అడిగి చూస్తాను.