డిగ్రీకి ఆర్1 యూనివర్సిటీయే కావాలా?

కొత్తనాన్న: మా అమ్మాయికి అమెరికాలో డిగ్రీకి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి ఆర్1, అంటే పరిశోధన బాగా ఎక్కువగా జరిగే స్టేట్ యూనివర్సిటీ. ఇంకోటి పీహెచ్‌డీ కోర్సులే లేని, డిగ్రీ చదువుల మీదే దృష్టి పెట్టే చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. స్కాలర్‌షిప్ పోను ఖర్చు ఇంచుమించు ఒకటే. తను చిన్నదానికే పోతానంటోంది, నాకు మనసొప్పడం లేదు. మే 1 లోపు తేల్చాలి.

గోదారోడు: ఇందులో అడగడానికేముందండీ? నోబెల్ వాళ్ళు పాఠం చెప్పే చోటు వదులుకుంటారా ఎవరైనా?

పాత_టీఏ: పాఠం ఎవరు చెప్తారండీ? నేను అలాంటి చోటే ఆరేళ్ళు పీహెచ్‌డీ చేశాను. 300 మంది కూర్చునే కెమిస్ట్రీ క్లాసు. ప్రొఫెసర్ గారు వారానికి రెండుసార్లు వచ్చి స్లైడ్లు తిప్పి పోయేవారు. ల్యాబ్, డౌట్లు, పేపర్లు దిద్దడం టీఏని (టీచింగ్ అసిస్టెంట్‌ని) కాబట్టి నా నెత్తిన. నా యాస పిల్లలకి, వాళ్ళ యాస నాకు అర్థమయ్యేసరికి సెమిస్టర్ అయిపోయేది. 2025 నుంచి ఆర్1 అనిపించుకోవాలంటే ఏడాదికి 5 కోట్ల డాలర్ల పరిశోధన ఖర్చు, 70 రీసెర్చ్ డాక్టరేట్లు ఉండాలి. పాఠం ఎలా చెప్తారన్నది ఆ లెక్కలో లేనేలేదు.

గోదారోడు: అయితే ర్యాంకులన్నీ అబద్ధమేనంటారు!

లెక్కలమాస్టారు: ఆర్1 ర్యాంకు కాదు. కాలేజీల్ని రకాలుగా విడదీస్తూ కార్నెగీ సంస్థ వాళ్ళు 1973లో అచ్చేసిన వర్గీకరణలోంచి వచ్చింది.

గోదారోడు: ర్యాంకో వర్గమో, పేరుంది కదండీ.

లెక్కలమాస్టారు: పేరు వేరు, ర్యాంకు వేరు.

ఓరుగల్లు_పిల్ల: నేను ఆర్1లనే బీఎస్ చేసిన. రెండో ఏడు ల్యాబ్‌ల చేరిన. ఎవరూ పిలవలే, 11 మెయిళ్ళు పెడితే ఒక్కరు రమ్మన్నరు. 20 ఏండ్లకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముంగట కూసున్న. ఎంటబడి అడిగే పిల్లయితే ఆర్1 బంగారం.

గోదారోడు: అదీ మాటంటే! మన యల్లాప్రగడ సుబ్బారావు గారికి హార్వర్డ్ వల్లే కదా అంత పేరు?

పాత_టీఏ: ఆ హార్వర్డే ఆయనకి పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు సార్. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. ఫోలిక్ యాసిడ్ పని అక్కడిదే.

గోదారోడు: మీకు చేదయిందని ఊరందరి నోట్లో వేపాకు పెట్టకండి.

పాత_టీఏ: పీహెచ్‌డీ వచ్చిందండీ, రానిది ఉద్యోగం. క్లాసు బాగా చెప్పానని పిల్లలు రాసిన కాగితాలు మా గైడుకి చూపిస్తే, "దాచుకో, వీటికి ఉద్యోగాలివ్వరు" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన నాతో చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

గోదారోడు: సరే, నాదీ వినండి. మావాడు చిన్న కాలేజీలోనే చదివాడు. ఉద్యోగానికి ఏ లోటూ లేదు. కానీ సంబంధాలు చూసేటప్పుడు కాలేజీ పేరు చెప్తే ప్రతివాడూ "అదెక్కడ?" అనేవాడే. ఆ బాధ మీకు తెలీదు.

ఓరుగల్లు_పిల్ల: గిదా సంగతి! సదువు పిల్లలకు, పేరు మీకా అంకుల్?

కొత్తనాన్న: ఆయన్ని అనకమ్మా. మొన్న మా అన్నయ్యకి ఫోన్‌లో ఆ కాలేజీ స్పెల్లింగ్ రెండుసార్లు చెప్పి, "ఇంకా ఏమీ అనుకోలేదులే" అని మాట మార్చాను. అమ్మాయి వెనకే నిలబడి వింటోంది. అప్పట్నుంచీ నాతో ముభావంగా ఉంది. రేపు రెండు చోట్లా ఫోన్ చేసి కెమిస్ట్రీ క్లాసులో ఎంతమందో కనుక్కుంటా.

లెక్కలమాస్టారు: ల్యాబ్ సెక్షన్‌కి ఎంతమందో విడిగా అడగండి. రెండూ ఒకటి కాదు.