టెక్కెన్ 8 కొనొచ్చా? ఎడ్డీ ఉన్నాడా?

దిల్‌సుఖ్‌నగర్_కింగ్:
అన్నలారా, ఒక సలహా కావాలి. స్కూల్ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ గేమ్ పార్లర్‌లో గంటకింత అని కట్టి టెక్కెన్ 3 ఆడేవాణ్ణి. ఆ తర్వాత ఫైటింగ్ గేమ్ జోలికే పోలేదు. ఇప్పుడు ఇంట్లో పీఎస్5 ఉంది. ఇంటర్ పరీక్షలైపోయి మేనల్లుడు సెలవులకు వస్తున్నాడు. ఇద్దరం ఆడుకోవడానికి టెక్కెన్ 8 తీసుకుందామంటే, ఎక్కడ చూసినా తిట్లే కనిపిస్తున్నాయి. నిజంగా అంత బాలేదా? టెక్కెన్ 3లో ఉన్న ఫైటర్ ఎడ్డీ ఇందులో ఉన్నాడా?

మల్కాజ్‌గిరి_మిషిమా:
తీసుకో అన్నా. కాకపోతే ఎందుకు తిడుతున్నారో తెలుసుకుని తీసుకో.

ముందు ఎడ్డీ సంగతి. 2024 జనవరిలో గేమ్ 32 మంది ఫైటర్లతో వచ్చింది. మీ పార్లర్ బ్యాచ్‌లో కింగ్, లా, పాల్, నీనా, యోషిమిట్సు, హ్వోరాంగ్ అందరూ ఉన్నారు. ఎడ్డీ అందులో లేడు, ఆ ఏడాది ఏప్రిల్‌లో విడిగా డబ్బు కట్టి తెచ్చుకునే క్యారెక్టర్‌గా వచ్చాడు. హెయిహాచీ కూడా అంతే. పూర్తి ధరకు అమ్మిన గేమ్‌లో నెల దాటీ దాటకముందే డ్రెస్సులమ్మే షాప్ కూడా పెట్టారు. అది నాకు అస్సలు నచ్చలేదు.

నేను టెక్కెన్ 5 నుంచి వదలకుండా ఆడుతున్నా. నేర్చుకునేవాళ్లకు ఇంత సాయం చేసిన టెక్కెన్ ఇదే. మీ అల్లుడు కజుయాతో కాళ్ల కింద స్వీప్ వేశాడనుకో. నువ్వు కూర్చుని ఆపావు, కానీ తిరిగి కొట్టకుండా లేచి నిలబడ్డావు. మ్యాచ్ అయ్యాక రీప్లే పెడితే, సరిగ్గా అక్కడ ‘ఇప్పుడు ఈ దెబ్బ కొట్టొచ్చు’ అని చూపిస్తుంది. అంతేకాదు, ఆ క్షణం నుంచే కంట్రోలర్ నీ చేతికిస్తుంది. అక్కడికక్కడే కొట్టి చూసుకోవచ్చు. మన రోజుల్లో ఇది చెప్పాలంటే పార్లర్‌లో పక్కన నిలబడ్డ సీనియర్ ఎవరో దయ తలచాలి. ఏ దెబ్బ ఎన్ని ఫ్రేముల్లో (ఒక్కో ఫ్రేము సెకనులో అరవయ్యో వంతు) వస్తుందో చూపించే డేటాకు టెక్కెన్ 7లో విడిగా డబ్బు తీసుకున్నారు, ఇందులో గేమ్‌తోనే వస్తుంది.

ఇక తిట్ల సంగతి. ప్రతి రౌండ్‌లో ఒకసారి ‘హీట్’ అనే పవర్ మోడ్ వాడొచ్చు. అది నడిచే ఆ కొద్ది సెకన్లలో కొన్ని దెబ్బలు బ్లాక్ చేసినా లైఫ్ కొంత తగ్గుతుంది. అంటే ఓపిగ్గా కాచుకుని, అవతలివాడు తప్పటడుగు వేసినప్పుడు కొట్టే ఆటకు విలువ తగ్గిపోయింది. నాకు టెక్కెన్ అంటే ఆ అడుగుల లెక్కే, వెనక్కి జరిగి దెబ్బ గాల్లోకి పోయేలా చేసి కొట్టడమే. 2025 ఏప్రిల్‌లో రెండో సీజన్ అప్‌డేట్‌తో దూకుడు ఇంకా పెంచారు. జనం మండిపడి పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో నెగెటివ్ రివ్యూలు కుమ్మరించారు. తర్వాతి ప్యాచ్‌లలో కొంత సరిచేశారు కానీ, ఆట స్వభావం మారలేదు. నీకు కనిపించిన తిట్లు చాలావరకు ఇవే అయ్యుంటాయి. ఆ కోపం న్యాయమైనదే, కానీ సోఫాలో కూర్చుని ఆడే ఇద్దరికి అది అంతగా తగలదు.

ఉప్పల్_జిన్:
హీట్ మీద అన్న చెప్పినదాంతో నేను ఏకీభవించను. మా చెల్లి నాతో ఆడటం మొదలుపెట్టిందే ఈ గేమ్‌తో. ముందుకెళ్లి కొడితే ఫలితం ఉంటుందని తెలిశాక భయం పోయింది. ఎల్1 నొక్కితే స్పెషల్ స్టైల్ వస్తుంది, ఒక్కో బటన్‌కు ఒక్కో మంచి దెబ్బ. మ్యాచ్ మధ్యలోనైనా మార్చుకోవచ్చు. మీ అల్లుడికి మొదటి రోజే పనికొస్తుంది.

మల్కాజ్‌గిరి_మిషిమా:
స్పెషల్ స్టైల్ మంచిదే తమ్ముడూ, అందులో నాకు పేచీ లేదు. ఎవరు మొదట హీట్ వాడితే వాళ్లదే రౌండ్ అన్నట్టు సాగే మ్యాచ్‌ల గురించే నా బాధ. లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ 2019లో టెక్కెన్ 7 మీద ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్ గెలిచిన ఆట చూడు. ఎంత ఓర్పు! అలాంటి ఆటకు ఇందులోనూ చోటుండాలి.

తార్నాక_నీనా:
కొన్నాక ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి దెబ్బ పడుతుంది, ఈ గేమ్‌లో పదో వంతు సెకను తేడా కూడా తెలిసిపోతుంది. ఆన్‌లైన్ ఆడాలనుకుంటే వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. అవతలివాళ్లది వైఫైనా కేబులా అన్నది మ్యాచ్‌కు ముందే స్క్రీన్ మీద కనిపిస్తుంది, వైఫై వాళ్లను చాలామంది వద్దనేస్తారు. రెండో కంట్రోలర్ ఉందా మరి?