వీడియో ఇంట్లో, లెక్కలు క్లాసులో: మన డిగ్రీ కాలేజీల్లో ఇది కుదురుతుందా?

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఈ సెమిస్టర్ నుంచి థర్మోడైనమిక్స్ పాఠాన్ని 12 నిమిషాల వీడియోగా చేసి ముందురోజే వాట్సాప్‌లో పంపుతున్నాను. పిల్లలు ఇంట్లో చూసి రావాలి, క్లాసులో లెక్కలు చేయాలి. ఇన్నాళ్లూ తలెత్తకుండా నోట్స్ దించుకున్నవాళ్లు ఇప్పుడు లేచి ప్రశ్నలు అడుగుతున్నారు. కానీ కొందరు తల్లిదండ్రులు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి "సారు పాఠం చెప్పడం మానేశాడు" అన్నారు. మీరేమంటారు?

పాకాల పాడిరైతు
మానేసినట్టే కదా సార్. ఫోన్లో చూసుకునేదానికి మా పాప రోజూ పాకాల నుంచి తిరుపతికి ఎందుకు రావాలి?

బీటెక్ మూడో సంవత్సరం
నేను ఎన్‌పీటీఈఎల్‌లో, అంటే ఐఐటీలవాళ్లు నడిపే ఆన్‌లైన్ పాఠాల్లో, ఒక కోర్సు చేశాను. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. అర్థంకాని చోట మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. క్లాసులో సారును అలా అడగగలమా?

పాకాల పాడిరైతు
వెయ్యి కట్టించుకుంటే ఉచితం ఎలా అవుతుంది?

రిటైర్డ్ హెడ్మాస్టర్, చిత్తూరు
యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో చేసుకోవచ్చు. ఇలాగే పోతే లెక్చరర్ పోస్టులు మిగలవు.

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
మాస్టారూ, అది వేరు, ఇది వేరు. స్వయంలో కోర్సు మొత్తం బయటివాళ్లది, మన దగ్గర క్రెడిట్లు కలుపుతారు. ఇక్కడ వీడియో నాదే, క్లాసులో నిలబడేదీ నేనే. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూశారు. సైన్సు, ఇంజనీరింగ్ క్లాసుల్లో ఉపన్యాసం మాత్రమే విన్నవాళ్లలో ఫెయిలైనవాళ్లు సుమారు 34 శాతం, క్లాసులో తామే పనిచేసినవాళ్లలో 22 శాతం.

గెస్ట్ లెక్చరర్
వీడియో ఉందిగా అని మా మేనేజ్‌మెంట్ నా పీరియడ్లు వారానికి ఆరు నుంచి నాలుగుకు తగ్గించింది. నాకు గంటల లెక్కన జీతం. రాత్రుళ్లు కూర్చుని వీడియో చేసినందుకు ఒక్క రూపాయి ఇవ్వలేదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, చిత్తూరు
నేను చెప్పిన 40 శాతం సంగతి ఇదే.

పాకాల పాడిరైతు
ఆ 225లో పొద్దున నాలుగున్నరకు పాలు పిండి కాలేజీకి వచ్చిన పిల్లలు ఎంతమంది సార్?

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
ప్రతిదానికీ ఇలా అడ్డం తిరిగితే ఎట్లా? చదవాలనే పట్టుదల ఉంటే రోజుకు 12 నిమిషాలు దొరకవా? అసలు ఈ పద్ధతి పుట్టిందే టైమ్ లేని పిల్లల కోసం. 2007లో అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, ఆటల పోటీలకు దూరం వెళ్లి క్లాసులు పోగొట్టుకునేవాళ్ల కోసం పాఠాలు రికార్డు చేశారు.

పాకాల పాడిరైతు
పట్టుదల లేదని అనేశారా? వినండి. మా పాప ఇల్లు చేరేది ఆరున్నరకు. రాగానే గేదెలకు మేత, పాలు, వంట. ఇంట్లో మంచి ఫోన్ ఒక్కటే, అది ఇంటర్ చదివే తమ్ముడి చేతిలో ఉంటుంది. దీని చేతికి వచ్చేసరికి పది దాటుతుంది. ఆడపిల్ల ఇంట్లో ఉంటే ఆ టైమ్ దానిది కాదు సార్. ఈ మాట చెప్పుకోడానికి తండ్రిగా నాకే సిగ్గుగా ఉంది. కాలేజీలో ఉన్న ఆరు గంటలే దాని సొంతం. చదువును ఇంటికి పంపితే ఆ ఆరు గంటల్లో సగం మీరే లాక్కున్నట్టు. పాప వాళ్ల కాలేజీలో వీడియో చూడలేదని క్లాసు బయట నిలబెట్టారు. మీ క్లాసులో ఏం చేస్తారు?

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
ఇంటర్నల్స్‌లో అయిదు మార్కులు కోస్తున్నాను.

పాకాల పాడిరైతు
చూశారా. గొడవంతా అదే.

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
పట్టుదల అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, క్షమించండి. మార్కులు కోయడం రేపటితో ఆపేస్తాను. ల్యాబ్ కంప్యూటర్లలో వీడియోలన్నీ ఎక్కించి లంచ్ టైమ్‌లో తెరిచి ఉంచుతాను. ఆ కొలరాడో టీచర్లు కూడా ఇంటర్నెట్ లేని పిల్లలకు పాఠాలు డీవీడీల్లో ఎక్కించి ఇచ్చారు. ఆ సంగతి తెలిసి కూడా నేను వాట్సాప్‌తో సరిపెట్టాను.
కానీ బోర్డు మీద పాఠానికి తిరిగి వెళ్లను. లెక్క దగ్గర ఆగిపోతే మీ ఇంట్లో ఎంట్రోపీ ఎవరు చెబుతారు? అందుకే ఆ లెక్క నా ఎదురుగా చేయాలంటున్నాను.

పాకాల పాడిరైతు
ఎవరూ చెప్పలేరు. అది ఒప్పుకుంటా. లంచ్‌లో చూసే వీలు లేని రోజు?

ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి
క్లాసులో మొదటి పది నిమిషాలు వెనక బెంచీలో నా ల్యాప్‌టాప్‌లో చూడనిస్తాను. బయట మాత్రం ఎవరినీ నిలబెట్టను.

గెస్ట్ లెక్చరర్
నా రెండు పీరియడ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు.