క్యాన్సర్ రోగులకు కానుకల సంచులా, బస ఖర్చులా?

పెన్న ఒడ్డు:
మా పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం 1,20,000 రూపాయలు పోగుచేసింది. ఫిబ్రవరి 4న, ప్రపంచ క్యాన్సర్ దినం నాడు, హైదరాబాద్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో 150 మందికి కానుకల సంచులు పంచాలని కార్యవర్గం తీర్మానించింది. ఒక్కో సంచికి 800 రూపాయలు. అందులో దుప్పటి, స్టీలు ఫ్లాస్కు, పండ్లు, ధైర్యం చెబుతూ రాసిన కార్డు ఉంటాయి. నేను దీన్ని వ్యతిరేకించాను. మీ అందరి అభిప్రాయం తెలుసుకోవాలని ఇక్కడ పెడుతున్నాను.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు అర్హులైన పేదలు సొంత డబ్బు పెట్టుకోనక్కరలేదు. అయినా కొందరు వైద్యం సగంలో వదిలేసి ఊరికి వెళ్లిపోతున్నారు. ఎందుకు? రేడియేషన్ సంగతే తీసుకోండి. చాలా రకాల క్యాన్సర్లకు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు ఇస్తారు. యంత్రం కింద పడుకునేది కొద్ది నిమిషాలే కాబట్టి చాలామందిని వార్డులో చేర్చుకోరు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనిషి రోజూ వెళ్లి రాగలడా? ఆసుపత్రి దగ్గర చిన్న గది రోజుకు 400 అనుకున్నా, ఆరు వారాలకు 16,800 అవుతుంది. తోడుగా వచ్చిన భార్యకో కొడుకుకో కూలి పోతుంది. తిండి ఖర్చు వేరే.

మన డబ్బుతో ఏడు కుటుంబాలకు రేడియేషన్ పూర్తయ్యేదాకా బస చూపించవచ్చు. ఒక మనిషి వైద్యం పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లడం కంటే పెద్ద కానుక ఏముంటుంది?

లత, ఖమ్మం:
మీ లెక్కను కాదనను. కానీ వస్తువు ఇవ్వడమే దండగ అన్నట్టు రాశారు. దాన్ని మాత్రం ఒప్పుకోను.

రొమ్ము క్యాన్సర్‌కు నాకు ఆపరేషన్ అయింది. ఒక వైపు పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత జాకెట్టు వేసుకుని బయటికి రావాలంటే ఎలా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు. పైట ఎంత సర్దుకున్నా చేయి అటే పోతుంది. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్ము కొనాలంటే వేలల్లో ఖర్చు, పైగా బరువు, ఎండాకాలంలో చెమట. అత్తగారి మందులు, పిల్లల ఫీజులు ఉండగా దీనికోసం ఇంట్లో డబ్బు అడగడానికి నాకు నోరు రాలేదు. ఒక స్వచ్ఛంద సేవకురాలు నూలుతో గుండ్రంగా అల్లిన కృత్రిమ రొమ్మును ఉచితంగా ఇచ్చింది. లోపల మెత్తగా కూరి ఉంటుంది. తేలికగా ఉంటుంది, ఉతుక్కోవచ్చు. అది పెట్టుకుని మా ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్లాను, నలుగురిలో నిలబడి తలంబ్రాలు వేశాను.

నా చేతికి అదే విలువ డబ్బుగా ఇచ్చి ఉంటే సరుకుల కొట్టుకు పోయేది. ఇంటి ఖర్చుల వరసలో రోగి సొంత అవసరం ఎప్పుడూ చివరే. అందుకే వస్తువుగా ఇచ్చే సాయానికి ఒక విలువ ఉంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
పెన్న ఒడ్డు గారూ, ఏడు కుటుంబాలు సరే. ఆ ఏడుగురిని ఎవరు ఎంచుతారు? వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరిలో ఒకరికి నెలన్నర బస, మరొకరికి ఏమీ లేదంటే ఆ రెండో మనిషి మనసు ఏమవుతుంది? సంచి చిన్నదే కావచ్చు, కానీ అందరికీ అందుతుంది. సాయం చేసేవాడు తీర్పరి కాకూడదని నా అభిప్రాయం.

ఇంకొకటి. తెల్ల రేషన్ కార్డు లేని వారి సంగతి ఎవరూ మాట్లాడరు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకునేవాడు, చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు పథకానికి అర్హులు కాకపోతే ఇల్లు తాకట్టు పెడుతున్నారు. అలాంటివాడు ఉచిత సాయం అడగడానికి సిగ్గుపడతాడు. అందరితో పాటు ఇచ్చే సంచి అయితే తీసుకుంటాడు.

రాత్రి డ్యూటీ:
నేను క్యాన్సర్ వార్డులో నర్సును. పంపకాల రోజున మేం చూసేది చెబుతాను.

మొదట పండ్లు తీసేయండి. కీమో ఇచ్చిన వారం, రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి వస్తుంది. ద్రాక్ష లాంటివి శుభ్రంగా కడగడం కష్టం. తొక్క తీసుకుని తినే అరటి, బత్తాయి కొంత నయం, అవి కూడా డాక్టరును అడిగాకే. పూలగుత్తులు అసలు వద్దు. పిల్లలకు బొచ్చు బొమ్మలు తెస్తారు. వాటిలో దుమ్ము చేరుతుంది, పైగా ఆ బిడ్డ దాన్ని వదలకుండా ముఖానికి హత్తుకుని పడుకుంటుంది. ఉతకడానికి, తుడవడానికి వీలయ్యేవి తెండి. సువాసన సబ్బులు, పౌడర్లు సంచిలో పెడతారు. కీమోలో ఉన్నవారికి ఆ వాసనకే వాంతి వస్తుంది.

తిండి సంగతి కూడా అంతే. అన్నదానం చేస్తామని వస్తారు, మంచి మనసుతోనే వస్తారు. పులిహోర, పచ్చడి, కారం వేసిన సాంబారు తెస్తారు. నోరంతా పూసిన మనిషి ఆ విస్తరి ముందు కూర్చుని తోడు వచ్చినవారికి ఇచ్చేస్తాడు. అతనికి చల్లారిన జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు కావాలి. ఒక్కపూట విందు కంటే రోజూ అందే గుడ్డు ఎంత మేలు చేస్తుందో నేను కళ్లారా చూస్తున్నాను.

ఎవరు ఎంచుతారని ఉపాధ్యాయుడు గారు అడిగారు. చాలా క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ ఉంటారు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరు బస్టాండులో పడుకుంటున్నారో, ఎవరు వచ్చే వారం రానంటున్నారో వారికి తెలుసు. మీరు తీర్పరి కానక్కరలేదు.

పిల్లల విషయంలో దారి ఇప్పటికే ఉంది. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబైలో మొదలైంది, హైదరాబాద్‌లోనూ ఉంది. క్యాన్సర్ వైద్యానికి దూరం నుంచి వచ్చిన బిడ్డకు, తల్లిదండ్రులకు ఉచితంగా గది ఇస్తారు, వండుకునే చోటు చూపిస్తారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది, సరిగా పూర్తిచేస్తే ఎక్కువ మంది బతుకుతారు. బస లేక మధ్యలో ఆపేస్తే అంతా వృథా. పెద్దవాళ్లకు ఇలాంటి బసలు చాలా తక్కువ. ఆ లోటు దగ్గర నేను పెన్న ఒడ్డు గారి వైపే.

సిద్దిపేట కుర్రాడు:
మీలో ఎవరూ ఫోటోల మాట ఎత్తలేదు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

మా నాన్నకు క్యాన్సర్ అని ఊళ్లో చెప్పలేదు. కడుపులో పుండు అని చెప్పాం. అక్కకు సంబంధాలు చూస్తున్న రోజులవి. ఆ ఇంట్లో క్యాన్సర్ ఉందట అంటే వచ్చే సంబంధం కూడా వెనక్కి పోతుందని అమ్మ భయం. ఆ భయం న్యాయమా కాదా అన్నది వేరే సంగతి, మా ఇంట్లో అది నిజం. అప్పుడు ఎవరో వచ్చి దుప్పట్లు పంచారు. దుప్పటి అందుకుంటున్న నాన్న ఫోటో రెండు రోజుల్లో తిరిగి తిరిగి మా ఊరి వాట్సాప్ గుంపులోకి వచ్చింది. వెనక బ్యానర్ మీద క్యాన్సర్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. నాన్న ఆ తర్వాత నెల రోజులు ఫోను ఎత్తలేదు. దుప్పటి మంచిదే, చలికి పనికొచ్చింది. కానీ దానికి మేం చెల్లించిన ధర ఇచ్చినవారికి తెలియదు.

సంచి ఇవ్వండి, బస ఇవ్వండి, ఏదైనా ఇవ్వండి. రోగి ముఖం మాత్రం ఎవరికీ చూపించకండి.

సంఘం కోశాధికారి:
ఈ చర్చ చూసి రాస్తున్నాను, ఈ సంఘం లెక్కలు చూసేది నేనే. మా దాతల్లో సగం మంది అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు. డబ్బు పంపినవారు ఏం జరిగిందో చూడాలనుకుంటారు. ఫోటో లేకపోతే వచ్చే ఏడాది పంపరన్న భయం మాది. ప్రచారం మీద మోజు కాదు, జవాబుదారీతనం. దాన్ని ఎలా చూపించమంటారు?

పెన్న ఒడ్డు:
కోశాధికారి గారూ, రసీదుతో చూపించండి. గది అద్దె ఎవరికి ఎన్ని రోజులు కట్టామో, వైద్యం పూర్తయిందో లేదో సోషల్ వర్కర్ సంతకంతో ఒక కాగితం తీసుకోండి, అందులో రోగి పేరు అక్కరలేదు. దాతకు అంతకంటే మంచి సాక్ష్యం ఫోటోలో ఏముంది? పన్ను సంగతి కూడా చూడండి. విరాళం మీద పన్ను మినహాయింపు నమోదైన సంస్థకు డబ్బుగా ఇస్తేనే వస్తుంది, వస్తువుగా ఇచ్చినదానికి రాదు. నగదు 2,000 దాటితే అదీ చెల్లదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఇది పనికొస్తుంది, అయినా అలాంటివారు మనలో ఉన్నారు.

లత గారు చెప్పినది చదివాక నా వాదనకు ఒక హద్దు పెట్టుకుంటున్నాను. బజారులో దొరికే వస్తువును రోగికి కొనిపెట్టడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. ఆమెకు అందినది అలాంటిది కాదు. అడగలేని అవసరాన్ని ఎవరో ముందే ఊహించి, చేత్తో అల్లి తెచ్చారు.

లత, ఖమ్మం:
ఊహించలేదండీ, అడిగారు. పక్కన కూర్చుని, మెల్లగా, ఆడవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు అడిగారు. అందరికీ ఒకే సంచి ఇచ్చేస్తే ఈ అడగడమే ఉండదు. అయితే ఏడు కుటుంబాలకే మొత్తం పెట్టేయడానికీ నేను ఒప్పుకోను. కొంత డబ్బు ఇలాంటి అవసరాలకు విడిగా ఉంచండి. జుట్టు ఊడినవారికి నూలు టోపీ, రొమ్ము తీసినవారికి అల్లినది. నూలు ఖర్చు తక్కువ. అల్లడానికి మీ సంఘంలో ఆడవాళ్లు లేరా, మగవాళ్లకు చేతులు లేవా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
సోషల్ వర్కర్ ఎంచుతారంటే నా అభ్యంతరంలో సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది: కార్డు లేని మధ్యతరగతి వాడిని ఆ జాబితాలో చేర్చమని అడగండి.

డబ్బు అక్కరలేని పని కూడా ఉంది, దానికి నేను వస్తాను. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లేవారికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చిన ధ్రువపత్రం రిజర్వేషన్ కౌంటర్‌లో చూపాలి. ఈ సంగతి తెలియక పూర్తి ఛార్జీ పెట్టి తిరుగుతున్నవారిని నేను చూశాను. ఒక బల్ల వేసుకుని కూర్చుని ఆ ఫారం నింపిపెట్టడానికి నలుగురు చదువుకున్నవారు చాలు.

సంఘం కోశాధికారి:
ఆదివారం సమావేశంలో ఈ ప్రతిపాదన పెడతాను. లక్ష బసకు, మిగతా 20,000 లత గారు చెప్పిన వాటికి. బ్యానర్ వద్దనే మాట నేనే చెబుతాను, దాని మీద గొడవ అవుతుందని తెలుసు. రాత్రి డ్యూటీ గారూ, సోషల్ వర్కర్‌ను కలవడానికి ఎప్పుడు రమ్మంటారు?

రాత్రి డ్యూటీ:
ఓపీ రద్దీ తగ్గాక, మధ్యాహ్నం మూడు దాటిన తర్వాత రండి. ఇద్దరు చాలు. ఫిబ్రవరి 4 దాకా ఆగకండి, ఆ రోజు అందరూ వస్తారు. రేడియేషన్ వరుస ఈ వారం కూడా నడుస్తూనే ఉంది.